గురువారం సెలవు

పదకొండింటికి రమ్మంటే పదింటికే తీసుకొచ్చి కూర్చోబెట్టారు సువార్తరాజుగారు. ఆయనంతే, పూజకైనా పుట్టినరోజుకైనా గంట ముందు వెళ్లి కుర్చీలు సర్దకపోతే ఆయనకు పొద్దు గడవదు. కెనడాలోని రెజైనాలో లెజిస్లేచర్ భవనం, ఎక్కడో పైన ఉన్న కప్పు, పచ్చటి పాలరాతి స్తంభాలు, కింద నున్నగా అరిగిన చెక్క బెంచీ, ఆ బెంచీ మీద గాదె ఏనీ. ఇరవై నాలుగేళ్ల పిల్ల, స్టూడెంట్ వీసా మీద వచ్చి రెండో చలికాలం గట్టెక్కుతోంది. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, మూడింటి డ్యూటీకి కావలసిన యూనిఫారం, చప్పుడు చెయ్యని బూట్లు, పప్పన్నం డబ్బా అన్నీ వీపు బ్యాగులో మోసుకొచ్చింది. వాకిట్లో సెక్యూరిటీ అతను ఆ డబ్బా మూత తీయించి మరీ చూశాడు, పరువు పోయినంత పనైంది. ఒళ్లో మాత్రం ఒకే ఒక్క కాగితం, లోపలికి పిలిచాక ఎమ్మెల్యే ముందు చదవాల్సినది. అందులో పన్నెండు వాక్యాలున్నాయి. ఏడోది అబద్ధం. ఆ సంగతి ఏనీకి తెలుసు, దేవుడికి తెలుసు, మూడో ప్రాణికి తెలియదు. చదవాలా, మానాలా, తేల్చుకోవడానికి గంట టైముంది.

అబద్ధమంటే పచ్చి అబద్ధం కూడా కాదేమో, ఎక్కడో ఒక నూలుపోగు నిజం ఉండబట్టే కదా అంత నమ్మకంగా రాశారు. తను చూసుకునే ముసలాయన వాల్టర్‌గారు పోయే రోజున తనకు డ్యూటీ వద్దని ఏనీ అడిగింది, అడిగితే సూపర్‌వైజర్ జోసీ నిట్టూర్చి, నువ్వు రాకపోతే ఎవర్ని వెయ్యనే తల్లీ అంది. మనీలా నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ముసలివాళ్లకు నీళ్లు పోస్తున్న మనిషి, ఆ నిట్టూర్పు ఆమెకు ఊపిరితో పుట్టింది, అందరి మీదా నిట్టూరుస్తుంది, ఆ తర్వాత అందరికీ అడిగింది ఇస్తుంది. ఇచ్చింది కూడా. ఆ ముక్క ఏనీ ఇంటికొచ్చి చెబితే సువార్తరాజుగారి చెవిలో అది 'ఎలా మానతావో చూస్తాను' అయింది, కాగితం మీదికి వచ్చేసరికి 'విశ్వాసాన్ని బట్టి నిరాకరిస్తే నా డ్యూటీలు తగ్గిస్తానని సూపర్‌వైజర్ హెచ్చరించారు' అయి కూర్చుంది. గోరంత కొండంత కావడానికి వారం పట్టలేదు. జోసీ పేరు రాయలేదు, నిజమే. కానీ ఆ నర్సింగ్ హోమ్‌లో ఆ పొద్దు సూపర్‌వైజర్ ఆమె ఒక్కతే, ఎమ్మెల్యే ఆఫీసు నుంచి ఒక్క ఫోను వస్తే చాలు. కాగితం మొదటిసారి చూపించినప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. పెద్దాయన అంత కష్టపడి, డిక్షనరీ తిరగేసి రాసినదాన్ని ఇది తప్పండీ అనడానికి నోరు రాలేదు, చాలా బాగుందండీ అంది. బాగుందన్నాక ఇక ఏమంటుంది, కక్కలేదు, మింగలేదు.

ఆయన అటు కిటికీ దగ్గర నిలబడి నీలం ఫైలు తెరుస్తున్నారు, మూస్తున్నారు. అందులో పిటిషన్ ఉంది, నాలుగు వందల పన్నెండు సంతకాలున్నాయి. మనిషి అడిగితే డాక్టరే సూది వేసే చావుల దగ్గర నిలబడమని దైవభయం ఉన్న పనివాళ్లను ఎవరూ బలవంతపెట్టకుండా ప్రావిన్సు ప్రభుత్వం చట్టం చెయ్యాలని అడిగే పిటిషన్. ఎమ్మెల్యే దాన్ని సభలో పెడితే, ఒక పేదపిల్లకు జరిగిన అన్యాయం కూడా జతపడితే, మాట గట్టిగా ఉంటుందని ఆయన నమ్మకం. ఆ పేదపిల్ల ఏనీ. సంతకాల్లో సగం స్టూడెంట్లవే. రెండేళ్ల కిందట ఐదు కుటుంబాలు మోకరించే తెలుగు పూజకు ఇప్పుడు డెబ్బై మంది పిల్లలు వస్తున్నారు, ఆరుగురేసి ఒక ఇంట్లో ఉండేవాళ్లు, ఉప్పు కారం తగిలిన అన్నం కోసం మొహం వాచిపోయినవాళ్లు. పూజయ్యాక హాల్లో బిర్యానీ తిన్న చేతులు కడుక్కుని అందరూ వరసగా సంతకాలు చేశారు. రూమ్మేటుతో వచ్చిన మల్లికార్జున్ అనే హిందూ కుర్రాడైతే ఏం కాగితమని అడగలేదు, సంతకం పెట్టి రెండో ప్లేటు పెట్టించుకున్నాడు. ఓట్లు లేని సంతకాలు. ఏనీ మాత్రం చదివి, ఒప్పుకునే పెట్టింది, ఇవాళ అడిగినా పెడుతుంది.

ఆయన్ని తప్పు పట్టడానికి మనసొప్పదు, అదీ కష్టం. తిట్టుకోదగ్గ మనిషైతే ఈ గంట ఇంత బరువుగా ఉండేదా. గుంటూరు లూథరన్ ఇంట్లో పుట్టి, రూపవతి ఆంటీని చేసుకుని కథోలికుడైన మనిషి. కొత్త వైష్ణవుడికి నామాలెక్కువ అని ఆంటీ నవ్వుతుంది కానీ నామాలు ఊరికే రాలేదు. కూతురు ఫిలోమినా కడుపులో ఉండగానే, ఈ బిడ్డకు బుద్ధి ఎదగదు, తీయించుకోండి, చిన్నవాళ్లు, ఇంకొకర్ని కనొచ్చు అన్నాడట హైదరాబాదులో పెద్ద డాక్టరు. ఈయన ఫైలు తీసుకుని భార్య చెయ్యి పట్టుకుని లేచి వచ్చేశారట. ఇప్పుడు ఫిలోమినాకు పంతొమ్మిది. కోవెల వాకిట్లో నిలబడి పాటల పుస్తకాలు పంచుతుంది, ఒక్క మనిషినీ వదలదు, అందర్నీ వాటేసుకుంటుంది. కింద బేస్‌మెంట్‌లో ఉండే ఏనీ మెట్లెక్కి వచ్చినప్పుడల్లా "ఏనీ, యూ ఆర్ లేట్" అంటుంది, ఏ వేళకు వచ్చినా అదే మాట. ఆ పిల్లను చూశాక, ప్రాణం విలువేమిటో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు అనుకుంటుంది ఏనీ. అలాంటి మనిషి మనసు విరవాలి, అదీ ఈ పాలరాతి కింద, పరాయి మనిషి ముందు.

ఎవరో బడిపిల్లలు వచ్చారు, బూట్ల మంచు నేలంతా నీళ్లు చేస్తూ, టీచరు నోటి మీద వేలు పెట్టి నిలబడింది. వాళ్లు పోగానే ఒకతను తుడుపు కర్ర తీసుకొచ్చాడు, నిమ్మకాయ వాసన మందు. వాల్టర్‌గారి వరండా వాసన అది. ముప్పై రెండు మంచాలకు ఇద్దరే ఉండే ఆ పొడుగాటి వరండా, చివరి గది, రైలు పట్టాల వైపు కిటికీ. నలభై ఏళ్లు ఏదో చిన్న ఊళ్లో గోధుమల గోదాము నడిపిన మనిషి, దూరంగా రైలు కూస్తే చాలు, అది నిండుగా పోతోందో ఖాళీగా వస్తోందో చెప్పేవాడు. గుంటూరులో బీయస్సీ నర్సింగ్ చదివి ఇక్కడ కేర్ ఎయిడ్‌గా బెడ్‌పాన్లు తీస్తున్నందుకు మొదట్లో ఏనీకి ఎంత ఏడుపొచ్చేదో, ఆ గదిలో మాత్రం వచ్చేది కాదు. నరాల జబ్బు ముందు కాళ్లు తీసుకుంది, తర్వాత చేతులు. ఒక్క వేలు మిగిలింది, బెల్లు నొక్కడానికి. బెల్లు నొక్కి, మనిషి వచ్చేదాకా అంకెలు లెక్కపెట్టేవాడు. ఇవాళ ఆరువందలమ్మా, ఇవాళ తొమ్మిదివందలు. ఒకరోజు పందొమ్మిది వందలు దాటిందట, అప్పటికి పక్క తడిసిపోయింది. ఏనీ దుప్పటి మారుస్తుంటే ఆయన సీలింగ్ వైపు చూస్తూ, నువ్వు పరిగెత్తుకుంటూనే వచ్చావు, నాకు తెలుసు, నీ బూట్ల చప్పుడు విన్నాను అన్నాడు. చప్పుడు చెయ్యని బూట్లు అవి. అయినా విన్నాడు, అంతగా చెవులొగ్గి ఉన్నాడన్నమాట.

కూతురు పడమటి తీరాన ఎక్కడో, ఆదివారాలు ఫోను చేసేది, ఫోను ఏనీ పట్టుకునేది. గడ్డం గీసేటప్పుడు తల కాస్త పక్కకు తిప్పండీ అంటే తిప్పలేక, కళ్లు తిప్పేవాడు. బంగాళాదుంప సూపు వద్దనేవాడు, అయితే నేనే తాగేస్తానంటే నోరు తెరిచేవాడు. ఏం మనిషో, జబ్బంతా ఒంట్లోనే ఉంది, వేళాకోళం పోలేదు. ఒక సోమవారం పొద్దున, నోట్లో సూపు ఉండగానే, గురువారం నీకు డ్యూటీ ఉందా అని అడిగాడు. ఉందండీ, పొద్దుటిదే అంది. పదింటికి డాక్టరు వస్తుంది అన్నాడు. ఏ డాక్టరండీ అని అడగాల్సిన పని లేకుండా ఆయనే చెప్పాడు, అన్ని కాగితాలూ అయిపోయాయి, ఇద్దరు డాక్టర్లు చూసి సరేనన్నారు, సూది వేస్తారు, నిద్రపోయినట్టే ఉంటుందట. ఈ దేశంలో చట్టం ఒప్పుకున్న చావు, నయంకాని జబ్బుతో ఉన్న మనిషి తనంతట తాను అడగాలి. ఆయన అడిగాడు. సూపు స్పూను ఏనీ చేతిలో అలాగే ఉండిపోయింది. "ఆ పక్కన కుర్చీలో కూర్చుంటావా? ఏం చెయ్యక్కర్లేదు. ఊరికే." అన్నాడు. కూర్చుంటానంది. అది కూడా నిజం, ఆ మాట అంది, నోరారా అంది, తర్వాత లేదని ఎలా అంటుంది.

సాయంత్రం ఇంటికొచ్చి ఎవరిని అడగాలి. విచారణ గురువులు ఫాదర్ లియోగారిని అడగొచ్చు, కోవెల పక్కనే ఉంటారు, తలుపు కొడితే తీస్తారు. ఇంగ్లీషులో ఇంత మాట ఎలా చెప్పాలో తెలియలేదు, సిగ్గేసింది, భయమేసింది. ఇలాంటివి తెలుగులో అడగాలి, చప్పున అర్థమయ్యే మనిషిని అడగాలి. అందుకని పైకెళ్లి సువార్తరాజుగారిని అడిగింది, స్టూడెంట్లందరూ అన్నింటికీ ఆయన్నే అడుగుతారు కదా, వర్క్ పర్మిటు, ఇల్లు, బండి ఇన్సూరెన్సు, జ్వరం. వీసా సంగతి అడిగినట్టే అడిగింది. ఆయన చపాతీ తినడం ఆపి చాలాసేపు ఆలోచించారు, ఊరికే అనేయలేదు పాపం, కళ్లు మూసుకుని ప్రార్థన కూడా చేసుకున్నారు. "వొద్దమ్మా. అక్కడ కూర్చుంటే ఒప్పుకున్నట్టే. నీ ఆత్మ ఎవరిదమ్మా, నీది కాదు, ప్రభువుది" అన్నారు. ఆ మాట వినగానే ఏనీకి గుండెల మీంచి బండ దిగినట్టయింది. అదీ అసలు సిగ్గుపడాల్సింది. పాపభీతి కన్నా ముందు ఆమెకు కలిగింది హాయి. అమ్మయ్య, చూడక్కర్లేదు. తర్వాతెప్పుడో ఫాదర్ లియో ఈ సంగతి విని, నన్నెవరూ అడగలేదే అని మాత్రం అన్నారు.

గురువారం పొద్దున పదింటికి బేస్‌మెంట్‌లో కర్టెను మూసుకుని, దేవమాత పటం ముందు మోకాళ్లేసి జపమాల మొదలుపెట్టింది. ఫోను ఆపేసింది. ఎందుకు ఆపాలి, ఎవరు చేస్తారని ఆపింది? ప్రార్థనకు అడ్డం రాకుండా అని తనకు తానే చెప్పుకుంది. పరలోక జపం, మంగళవార్త జపం, ఒక్కో పూసా జరుపుతూ, ఆయన ఆత్మకు శాంతి కలగాలని, ఆ డాక్టరు చెయ్యి ఆగిపోవాలని, ఏదైనా జరగాలని, కరెంటు పోవాలని, మంచు తుఫాను రావాలని, ఇలా పిచ్చిపిచ్చిగా. బయట ఎండ ఫెళఫెళ కాస్తోంది, జనవరిలో ఇక్కడ కాసే ఎండ, వెలుగే తప్ప వేడి ఉండదు. జపమాల ఐదు రహస్యాలూ ముగించి, చివరి ప్రార్థన కూడా చదివి, టీ పెట్టుకుని ఫోను తెరిస్తే రెండు మిస్డ్ కాల్స్. రెండూ వార్డు నుంచే. పది ఐదుకొకటి, పది ఇరవైకొకటి. ఆ అంకెలు ఇప్పటికీ ఫోన్లో ఉన్నాయి, చెరపలేదు, బస్సెక్కినప్పుడల్లా ఒకసారి చూసుకుంటుంది.

శుక్రవారం డ్యూటీకి వెళ్తే ఆ చివరి గదిలో పరుపు చుట్టేసి ఉంది. జోసీ స్టాఫ్ రూమ్‌లో టీ కాస్తోంది, తలెత్తలేదు. ఏనీనే అడిగింది, ఎలా జరిగిందని. జోసీ చెప్పింది. పదింటికి డాక్టరు వచ్చింది, అన్నీ సర్దుకుంది, మీ మనసు మారలేదు కదా అని అడిగింది, వాళ్లు చివరి నిమిషంలో కూడా అలా అడగాలి, అది పద్ధతి. ఆయన, ఆ అమ్మాయి రానీ అన్నాడు. ఏ అమ్మాయి అంటే ఇండియా నుంచి వచ్చిన అమ్మాయి, వస్తానంది, వస్తుంది అన్నాడు. సరే ఆగుదామంది డాక్టరు. పావుగంట అయ్యాక మళ్లీ అడిగితే మళ్లీ ఆగుదామన్నాడు. చలిగా ఉంది, బస్సు ఆలస్యమై ఉంటుంది అని చెప్పాను, ఇంకేం చెప్పను అంది జోసీ. నువ్వు సెలవు పెట్టావని చెప్పలేకపోయాను. తలుపు వైపే చూస్తున్నాడు. నలభై నిమిషాలు చూసి, సరే, డాక్టరుగారికి వేరే పని ఉంటుంది, కానివ్వండి అన్నాడట. వేరే పని ఉంటుంది! నిండా మంచాన పడ్డ మనిషి, ఆ పూట చావబోయే మనిషి, ఇంకొకరి టైము గురించి ఆలోచించాడు. జోసీ ఆ కుర్చీలో కూర్చుంది, ఆయన చెయ్యి పట్టుకుంది. అయినా ఆయన చూసింది తలుపు వైపే.

ఆ నలభై నిమిషాల మాట ఏనీ ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. సువార్తరాజుగారితో అనలేదు, అమ్మతో వీడియో కాల్‌లో అనలేదు, పాపసంకీర్తనలో ఫాదర్ దగ్గర మోకరించి కూడా, ఒక ముసలాయనకు మాటిచ్చి తప్పానండీ అని ఊరుకుంది. చెబితే ఏమవుతుంది, చెబితే ఆ నలభై నిమిషాలూ నిజమైపోతాయి. ఆగుదామన్న మనిషి ఇంకా ఏం ఆగుదామనుకున్నాడు, తన కోసమేనా, తను వస్తే ఒక మాట మాట్లాడి సరే అనేవాడా, లేక ఎవరైనా వచ్చి వద్దంటే బాగుండునని చూశాడా? తెలియదు. ఈ జన్మకు తెలియదు. డాక్టరు రెండుసార్లు అడిగితే రెండుసార్లూ సరే అనని మనిషి, చావాలని మరీ అంత తొందరున్న మనిషేనా. జీవం జీవం అని ఇంతమంది సంతకాలు చేస్తున్నారే, ఆ జీవం పక్కన ఆ నలభై నిమిషాలు ఉండాల్సింది తనొక్కతే. తనేమో నేలమాళిగలో పూసలు లెక్కపెడుతోంది. ఇప్పుడు ఆ సెలవుకే పేరొచ్చింది, అదే ధైర్యమట, విశ్వాస సాక్ష్యమట, కాగితంలో పదో వాక్యం అది. ఏడోది అబద్ధమైతే పదోది అంతకన్నా పెద్ద అబద్ధం, దాని గురించి ఇప్పటిదాకా ఆలోచించనేలేదు చూడు.

కిటికీ కింద హీటరు గొట్టం టక్ టక్‌మని కొట్టుకుంటోంది. అచ్చం తాత చెక్క చెప్పుల చప్పుడు, ఊళ్లో జపాలు చెప్పించే బాలశౌరి ఉపదేశి. ఎన్నాళ్లయింది తలచుకుని. నరసరావుపేట దగ్గర ఊళ్లో ఎవరికి ప్రాణం మీదికొచ్చినా ఫాదర్‌గారికన్నా ముందు తాతను పిలిచేవాళ్లు, ఫాదర్‌గారు పన్నెండు మైళ్ల దూరం కదా. ఆశీర్వదించిన కొవ్వొత్తి వెలిగించి, పోయే మనిషి చేతికి జపమాల చుట్టి, మంచి మరణపు ప్రార్థనలు చదువుతూ ఊపిరి అప్పజెప్పేదాకా లేచేవాడు కాదు. అన్నానికి లేవడు, మూత్రానికి లేవడు. ఏనీకి ఎనిమిదేళ్లప్పుడు ఇన్నారెడ్డి అనే రైతు మిరపతోటలో పురుగుమందు తాగాడు. ఊరంతా చుట్టూ నిలబడింది, ఆ కంపుకు ముక్కులు మూసుకుని, ఒక్కరూ దగ్గరకు పోలేదు. తనకు తానే చేసుకున్నాడు, వాడికి కొవ్వొత్తి ఏమిటి, ప్రార్థన ఏమిటి, అది మహాపాపం అన్నారు పెద్దలు, అప్పట్లో అలాంటివాళ్లను సమాధుల దొడ్లో కూడా పెట్టనిచ్చేవాళ్లు కాదు. తాత చెక్క చెప్పులు విడిచి, మిరపమొక్కల మధ్య మట్టిలో కూర్చుని, అతని తల ఒళ్లో పెట్టుకున్నాడు. వద్దన్న పెద్దమనిషితో అన్నమాట ఏనీకి ఇప్పుడు, ఇక్కడ, ఈ బెంచీ మీద, చెవిలో చెప్పినట్టు వినపడుతోంది. "ఆడు చేసింది తప్పే. ఆణ్ణి వొదిలేసి పోతే ఆ తప్పు నాదవుద్ది." అప్పుడు ఇన్నారెడ్డి కళ్లు తెరిచి, నురగ మధ్య, బతకాలనుంది ఉపదేశిగారూ అన్నాడు. అందరి ముందూ అన్నాడు. అప్పుడు కదిలారు జనం, అప్పుడు ట్రాక్టరు కట్టారు. ఆస్పత్రి చేరలేదు, దారిలోనే పోయాడు, తాత ఒళ్లోనే పోయాడు. కానీ ఆ మాట అనడానికి అతనికొక ఒడి దొరికింది.

ఆ గురువారం ఇదంతా ఎక్కడికి పోయింది? సొంత తాత, సొంత కళ్లతో చూసిన చావు, ఎనిమిది వేల మైళ్లు కాదు, ఎనభై వేల మైళ్లైనా గుర్తుండాల్సిన మాట. గుర్తు రాలేదు. కాదు, రానివ్వలేదు. సువార్తరాజుగారు వద్దన్నారు కాబట్టి మానలేదు ఏనీ, వద్దంటారనే అడిగింది. ఒప్పుకోవడానికి ఎంత సేపు పట్టింది, రెండు నెలలు. ముఖం కడుక్కోవాలనిపించింది. ఆకలి కూడా, ఈస్టరు ముందు తపస్సు కాలం కదా, బుధవారం పొద్దున ఏమీ తినదు. సువార్తరాజుగారు వచ్చి పక్కన కూర్చున్నారు, భయపడకమ్మా, నీ వెనక మేమంతా ఉన్నాం అన్నారు. ఆయన చేతిలో జపమాల, ఆయనకూ భయమే. ఆయన భయం వేరు. జీవితంలో మొదటిసారి ప్రభుత్వం ముందు నోరు విప్పబోతున్నారు. ఇప్పుడు చెప్పెయ్యాలి, ఇక్కడే, తెలుగులో, అంకుల్ ఇందులో ఏడోది తప్పండీ అని. నోరు తెరిచింది. అంతలో ఒక అమ్మాయి వచ్చి ఇద్దరి పేర్లూ పిలిచింది, తన పేరు చక్కగానే పిలిచింది, సువార్తరాజు అనే పేరు మాత్రం మూడు ముక్కలైంది.

గది చిన్నదే. ఎమ్మెల్యే యాభై ఏళ్ల మనిషి, ఒకప్పుడు బడి నడిపిందట. మంచు బూట్లు విప్పి టేబులు కింద పెట్టుకుని, మేజోళ్లతోనే లేచి వచ్చి చెయ్యి కలిపింది. సువార్తరాజుగారు ఫైలు ఇచ్చారు, నిలబడే మాట్లాడారు, బాగా మాట్లాడారు, ఫిలోమినా సంగతి చెప్పేటప్పుడు ఆవిడ నీళ్ల గ్లాసు జరిపింది. తర్వాత ఆయన ఏనీ వైపు చూసి తలూపారు. ఏనీ కాగితం ఎత్తి పట్టుకుంది. అక్షరాలు కనిపిస్తున్నాయి, మొదటి వాక్యం తన పేరు, రెండోది తన చదువు, అవి నిజాలే, అవి చదివింది. మూడు, నాలుగు. ఐదో వాక్యం వాల్టర్‌గారి జబ్బు. ఆరో వాక్యం దగ్గర ఆగింది. ఆవిడ ఓపిగ్గా చూస్తోంది. పర్వాలేదు, కాగితం లేకుండా చెప్పండి, మిమ్మల్ని ఎవరు బలవంతపెట్టారు అని అడిగింది.

"ఎవరూ పెట్టలేదు," అంది ఏనీ. "మా సూపర్‌వైజర్ సెలవు అడిగితే ఇచ్చింది. ఇందులో ఏడో వాక్యం తప్పు. అది కొట్టెయ్యండి. ఆమె మంచి మనిషి."

పక్కన కుర్చీ కిర్రుమంది. ఏనీ అటు చూడలేదు, చూస్తే ఆగిపోతుంది.

"ఆ చావు నాకు ఇప్పటికీ తప్పే. పిటిషన్ మీద నా సంతకం ఉంచండి. కానీ వాల్టర్‌గారు నన్ను పక్కన కూర్చోమని అడిగారు, కూర్చుంటానని చెప్పి వెళ్లలేదు. డాక్టర్ని ఆపి, తలుపు వైపు చూస్తూ నలభై నిమిషాలు నా కోసం ఆగారు. నేను ఇంట్లో ఫోను ఆపుకుని ఉన్నాను."

ఇంగ్లీషులో తప్పులు దొర్లాయో లేదో తెలియదు, అంత మాట ఆమె ఈ దేశం వచ్చాక ఒక్కసారిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఎమ్మెల్యే కలం కింద పెట్టింది. మీరు వెళ్లి ఉంటే ఏం చేసేవారు, వద్దని చెప్పేవారా అని అడిగింది, నిలదీసినట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"చెప్పేదాన్ని. ఆయన వినేవారో లేదో నాకు తెలియదు. రేపు కూడా నాకే డ్యూటీ, నేనే వస్తాను అని చెప్పేదాన్ని."

అప్పుడు ఏడుపొచ్చింది, వస్తుందని తెలుసు, ఆపలేదు. కాగితం తడిసింది. పక్కనుంచి సువార్తరాజుగారు ముందుకు వంగారు, కోపంగా ఉంటారనుకుంది, ఆ ముఖంలో కోపం లేదు, ముఖం పాలిపోయి ఉంది. పిటిషన్ మాట, సభ మాట, అన్నీ మరిచిపోయినట్టు, ఇంట్లో భోజనాల బల్ల దగ్గర మాట్లాడే గొంతుతో తెలుగులో అడిగారు.

"నలభై నిమిషాలా అమ్మా?"

"అవునండీ."

ఆయన జపమాల ఉన్న చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎమ్మెల్యే ఇద్దరి ముఖాలూ చూసి, ఆయనేమంటున్నారని మెల్లగా అడిగింది.

"నలభై నిమిషాలా అని అడుగుతున్నారు," అంది ఏనీ ఇంగ్లీషులో. "ఆయనకు తెలియదు. నేను ఇవాళే చెప్పాను."